సోమవారం రాత్రుల లెస్ పాల్

మన ఫెస్ట్‌లో బ్యాండ్ వాళ్లు తెచ్చే గిటార్లలో ఒకదాని తల మీద బంగారు రంగులో ఓ సంతకం కనిపిస్తుంది. లెస్ పాల్. అది మోడల్ పేరని చాలాకాలం అనుకున్నాను. అది ఓ మనిషి పేరు. ఆ మనిషి 94 ఏళ్లు బతికి, చివరి ఏడాది కూడా స్టేజీ మీద వాయించారు.

అసలు పేరు లెస్టర్ విలియం పోల్స్‌ఫస్. 1915లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, వాకెషాలో పుట్టారు. కుర్రాడిగా రోడ్డు పక్క తిండి దుకాణం దగ్గర పాడుతూ వాయిస్తుంటే, పాట బాగానే ఉంది గానీ గిటార్ వినపడట్లేదని ఎవరో అన్నారట. మనమైతే గట్టిగా మీటి ఊరుకుంటాం. ఇతను గ్రామఫోన్ సూదిని గిటార్‌కి గుచ్చి, ఇంట్లో రేడియోని ఆంప్లిఫయర్‌గా వాడాడు. అప్పటికి మన ల్యాబ్ లాంటిదేమీ చూసి ఉండడు!

పెద్దయ్యాక ఇంకో తలనొప్పి. డొల్ల గిటార్‌కి పికప్ పెడితే స్పీకర్ శబ్దానికి దాని పెట్టె కూడా కంపించి ఫీడ్‌బ్యాక్ కూస్తుంది. అందుకే 1940 ప్రాంతంలో 4 అంగుళాల మందం పైన్ దుంగకి తీగలు, పికప్‌లు బిగించి వాయించారు. దాని పేరు కూడా దుంగే, లాగ్. జనం పట్టించుకోలేదు. మామూలు గిటార్‌ని కోసి ఆ రెండు ముక్కలూ పక్కల అతికిస్తే అదే జనం చప్పట్లు కొట్టారు. సౌండ్ మారలేదు, రూపం మారిందంతే.

1948 జనవరిలో ఓక్లహోమాలో మంచు పట్టిన రోడ్డు మీద కారు జారి పడిపోయింది. కుడి మోచేయి నుజ్జయింది. చేయి తీసేయాలా అన్నదాకా వెళ్లింది. ఉంచినా ఆ కీలు ఇక వంగదని డాక్టర్లు తేల్చేశారు. అప్పుడాయన, ఎలాగూ వంగదు కాబట్టి గిటార్ పట్టుకునే కోణంలోనే అతికించమన్నారు. దాదాపు లంబకోణంలో, చేయి పొట్ట వైపు ఉండేట్టు బిగించారు. మిగతా అరవై ఏళ్లు తిన్నా, రాసినా, చేయి కలిపినా ఆ కోణంతోనే! మనం వస్తువుని మనిషికి తగ్గట్టు డిజైన్ చేయడం చదువుకుంటాం, ఈయన రెండో వైపు నుంచి కూడా చేశారు.

తర్వాతివి అందరికీ తెలిసినవే. భార్య మేరీ ఫోర్డ్‌తో 1951లో నంబర్ వన్ హిట్, 1952లో గిబ్సన్ కంపెనీ నుంచి ఆయన పేరుతో గిటార్, ఒక ట్రాక్ మీద ఇంకోటి ఎక్కించే రికార్డింగ్ పద్ధతులు. 1964లో విడాకులు. ఆ తర్వాత స్టేజీకి చాలావరకు దూరమయ్యారు.

నాకు ఆసక్తిగా అనిపించింది ఇక్కడి నుంచే. తన పేరుతో అమ్ముడయ్యే గిటార్‌ని ఆయన ఉన్నదున్నట్టు వాడేవారు కాదు, విప్పి పికప్‌లు మార్చుకునేవారు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగితీగ. చుట్లు పెంచితే సిగ్నల్ పెరుగుతుంది, దాంతో ఇంపీడెన్సూ పెరుగుతుంది. దానికి పొడుగు కేబుల్ కెపాసిటెన్స్ తోడైతే లో పాస్ ఫిల్టర్ అయి కూర్చుంటుంది, పై ఫ్రీక్వెన్సీలు మింగేస్తుంది. ఈసీఈ వాళ్లు తల ఊపండి. ఆయన తక్కువ చుట్ల వైపు నిలబడ్డారు. సిగ్నల్ చిన్నదే, కానీ శుభ్రంగా వస్తుంది. మైక్ లాగా నేరుగా మిక్సర్‌కి పెట్టొచ్చు, ఆంప్ మోయక్కర్లేదు. 1971లో గిబ్సన్ తెచ్చిన లెస్ పాల్ రికార్డింగ్ మోడల్ ఈ పద్ధతిదే. మార్కెట్లో పెద్దగా ఆడలేదు. ఆయన మాత్రం వదల్లేదు, ముసలితనంలో చేతిలో ఉన్నదీ ఆ రకమే.

1980లో గుండెకి బైపాస్. అప్పుడు డాక్టరే పని మానొద్దని చెప్పారట. 1984 నుంచి న్యూయార్క్‌లో ఫ్యాట్ ట్యూజ్‌డేస్ అనే చిన్న క్లబ్‌లో ప్రతి సోమవారం వాయించడం మొదలుపెట్టారు. 1996 నుంచి ఐరిడియంలో, రాత్రికి రెండు ఆటలు. అప్పటికే కీళ్లవాతం వేళ్లని బిగించేసింది. చెవులకి యంత్రాలు. ఒకప్పుడు మెరుపులా పరిగెత్తిన చేతులు కొద్ది వేళ్లతో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాయి. పాత స్పీడు పోయింది. కూర్చుని, పది స్వరాల చోట రెండే పలికించి, మధ్యలో జోకులు వేసేవారు. గిటార్ బరువు 4 కిలోల పైమాటే, దాన్ని ఒళ్లో పెట్టుకుంటే భుజానికి భారం తగ్గుతుంది.

90 ఏళ్లు దాటాక 2006లో రెండు గ్రామీలు వచ్చాయి. అవార్డు వచ్చినా సోమవారం మానలేదు. 2009 ఆగస్టు 12న న్యుమోనియాతో పోయారు. ఆయన వెనక వాయించిన ట్రియో ఆ తర్వాత కూడా సోమవారాలు కొనసాగించింది, వారానికో కొత్త గిటారిస్టుని పిలిచి ఆయన చోట కూర్చోబెట్టింది.