ఇన్సులిన్‌ను వెలికితెచ్చిన బాంటింగ్

ఏటా నవంబరు 14న మన పాఠశాలలో బాలల దినోత్సవం జరుపుకొంటాము. 1889లో నెహ్రూ గారు జన్మించిన ఆ తేదీననే, రెండేండ్ల తరువాత, కెనడా దేశంలో అలిస్టన్ పట్టణానికి సమీపాన ఒక రైతు కుటుంబంలో ఫ్రెడరిక్ బాంటింగ్ జన్మించాడు. ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడ ఆనాడే. పుస్తకాల సంచిలో సూదిమందు పెట్టె దాచుకొని వచ్చే బాలికకు నేను పాఠం చెప్పియున్నాను. పెండ్లి సంబంధాలు చెడునన్న భయంతో ఆ పెట్టెను ఎవరికీ చూపవద్దని తల్లి ఆంక్ష. ఈ చరిత్ర వ్రాయుటకు ఆ బాలికయే కారణం.

బాంటింగ్ తొలినుండి మేధావి అనిపించుకొన్నవాడు కాడు. టొరంటోలో సాహిత్య విద్యలో మొదటి సంవత్సరమే తప్పి, 1912లో వైద్యవిద్యలో చేరాడు. (ఈ వాక్యాన్ని తల్లిదండ్రులు మరొక పర్యాయం చదువవలెనని కోరుచున్నాను.) 1918లో యుద్ధరంగంలో చేతికి గాయమైనను ఇతర క్షతగాత్రులకు చికిత్స సాగించి పతకం పొందాడు. 1920లో వైద్యశాల తెరువగా, మొదటి మాసం రాబడి 4 డాలర్లు.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలతో కూడిన చిన్న ప్రోటీను. అది శరీరానికి ఆహారం కాదు, ఒక కబురు. భోజనానంతరం రక్తంలో గ్లూకోజు పెరుగగానే క్లోమగ్రంథి నుండి వెలువడి, కండరాల కణాలకు, కొవ్వు కణాలకు గ్లూకోజును లోనికి గ్రహింపుమని తెలుపుతుంది; చక్కెర విడుదల తగ్గింపుమని కాలేయానికి చెబుతుంది. కబురు పంపే కణాలు నశించిన బిడ్డ, రక్తం నిండ చక్కెర ఉండియు ఆకలితో కృశిస్తుంది. పెద్దలలో తరచు కనిపించే మధుమేహంలోనో, కబురు చేరినను కణాలు సరిగా ఆలకింపవు.

క్లోమంలోని జీర్ణరసం ఈ పదార్థాన్ని పాడుచేయుచున్నదని, రసనాళాన్ని ముడివేసిన పిదప దానిని వెలికితీయవచ్చునని 1920 అక్టోబరు ఆఖరున ఒక రాత్రి బాంటింగ్‌కు తోచింది. ఆచార్యుడు మెక్లాయిడ్ ప్రయోగశాలను, కుక్కలను, బెస్ట్ అనే విద్యార్థిని ఇచ్చాడు. ఆ ముడి అనవసరమని తరువాత తేలింది. ఊహ పొరపాటే గాని దానిని పట్టుకొని చేసిన శ్రమ వృథా కాలేదు.

1922 జనవరి 11న టొరంటోలో 14 ఏండ్ల లెనర్డ్ థామ్సన్‌కు తొలి సూదిమందు వేశారు. మందు శుద్ధంగా లేనందున చీముగడ్డ లేచింది. చికిత్స ఆపవలసి వచ్చింది. కోలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రేయింబవళ్లు శ్రమించి దానిని శుద్ధిచేశాడు. 23న మరల వేయగా రక్తంలో చక్కెర దిగివచ్చింది. ఆ బాలుడు మరి 13 ఏండ్లు జీవించాడు.

1923లో నోబెల్ బహుమతి బాంటింగ్, మెక్లాయిడ్‌లకు లభించింది. బెస్ట్‌ను విడిచినందుకు ఆగ్రహించిన బాంటింగ్ తన సొమ్ములో సగం అతనికిచ్చాడు. మెక్లాయిడ్ కోలిప్‌కు ఇచ్చాడు. మెక్లాయిడ్ పాత్రను బాంటింగ్ తక్కువ చేసి చూచుట న్యాయం కాదని నా అభిప్రాయం. కాని పేటెంటు హక్కును బాంటింగ్, బెస్ట్, కోలిప్ ముగ్గురును తలకొక డాలరుకే విశ్వవిద్యాలయానికి వ్రాసి ఇచ్చారు. ఇన్సులిన్ వ్యాధిని అదుపులో ఉంచునే గాని నయం చేయదని కూడ బాంటింగ్ దాచలేదు. 1941 ఫిబ్రవరిలో, యుద్ధకాలపు పనిపై ఇంగ్లండుకు పోవుచు, న్యూఫౌండ్‌లాండ్‌లో విమానం కూలి 49వ ఏట మరణించాడు.

నా విద్యార్థిని నేడు ఇరువురు బిడ్డల తల్లి. గత సంవత్సరం పూర్వవిద్యార్థుల సమావేశానికి వచ్చి, భోజనానికి ముందు పెట్టె తెరచి, అందరి యెదుటనే సూది వేసుకొన్నది.