విప్పి చూస్తేగానీ తెలీదు

మాది ఆటోనగర్‌లో మోటార్ల రీవైండింగ్ షాపు. కాలిపోయిన మోటారు వచ్చిందంటే, విప్పేదాకా లోపల ఏం పోయిందో మేస్త్రీకే తెలీదు. లెక్కలు రాసే నేనేమో ఖర్చెంతో, ఎప్పటికిస్తామో పార్టీకి ఫోన్లోనే చెప్పాలి! మొదట్లో కంగారుపడి ఏదో ఒకటి చెప్పేసి ఇరుక్కునేదాన్ని. విప్పి చూసి చెబుతామండీ అనడానికి నాకు ఏడాది పట్టింది. ఆ రోజుల్లోనే మన దేశపు తొలి మహిళా ఇంజినీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలితగారి గురించి చదివాను.

1919 ఆగస్టు 27న మద్రాసులో, తెలుగువారింట పుట్టారు. పదిహేనో ఏట పెళ్లి. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు. ఒళ్లో నాలుగు నెలల పాప. ఆ కాలంలో అలాంటి పిల్లని ఇంట్లో ఏ మూల కూర్చోబెట్టేవారో పెద్దవాళ్లు చెప్పగా మీరూ వినే ఉంటారు. లలితగారు చదువుకుంటానన్నారు.

డాక్టరీ అయితే అర్ధరాత్రి పిలుపొచ్చినా పాపని వదిలి వెళ్లాలి. ఇంజినీరైతే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అదీ ఆవిడ లెక్క! ఆ లెక్కలో ఒకటే చిక్కు. ఆడ ఇంజినీరుకి ఉద్యోగమిచ్చేవాళ్లు ఉన్నారో లేదో ఎవరికీ తెలీదు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. పైవాళ్లని ఒప్పించి అక్కడే చేర్పించారు. 1943లో పట్టా వచ్చింది. అది మగవాళ్ల కోసం అచ్చేసిన కాగితం. అందులో అతను అని ఉన్నచోట కొట్టేసి, ఆమె అని చేత్తో రాసిచ్చారు.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది శిక్షణ, తర్వాత సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఉద్యోగం. కుదురుగా ఉన్న ఆ సర్కారీ కొలువు వదిలేసి, తండ్రి పరిశోధనలకి సాయంగా మద్రాసు వచ్చేశారు. నాకైతే కాలేజీలో చేరడం కంటే ఇదే పెద్ద సాహసం అనిపిస్తుంది. వచ్చారేగానీ, డబ్బు చాల్లేదు. అయ్యో, తప్పుచేశానే అని కూర్చోలేదు. 1948లో కలకత్తా వెళ్లి, సోదరుడింట ఉంటూ అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్లు ఆవిడ పని. భాక్రా నంగల్ డ్యాము జనరేటర్ల పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్ల, సైంటిస్టుల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. పంపడానికి మన దేశంలో అలాంటి సంఘమే లేదాయె! సొంత హోదాలోనే వెళ్లొచ్చారు. 1966లో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ పూర్తి సభ్యత్వమిచ్చింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1977లో రిటైరయ్యారు. రెండేళ్లకి, అరవై ఏళ్ల వయసులో కన్నుమూశారు.