భద్రాద్రి రామదాసు

పాపికొండలకు ఎగువన, అడవుల నడుమ విశాలముగా ప్రవహించు గోదావరి యొడ్డున ఒక చిన్న గుట్ట కలదు. ఎత్తును బట్టి చూచినచో అది చెప్పుకొనదగిన కొండ కాదు. అయినను ఆ గుట్ట పేరెరుగని తెలుగు ఇల్లు లేదు. ఆ కీర్తి దానికి ఏ చక్రవర్తి వలనను రాలేదు; సర్కారు పన్నులు వసూలు చేయు ఒక ఉద్యోగి వలన వచ్చినది. ఆయన కంచెర్ల గోపన్న. లోకము ఆయనను భక్త రామదాసని పిలుచుచున్నది.

గోపన్న 17వ శతాబ్దివాడు. నేటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి ఆయన జన్మస్థానము. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. ఆ గ్రామము అప్పటికే మిక్కిలి ప్రాచీనమైనది. బౌద్ధయుగము నాటి మహాస్తూపము నేటికిని అచ్చట నిలిచియున్నది. గోలకొండ రాజ్యమును నడపిన అక్కన్న, మాదన్న సోదరులు గోపన్నకు మేనమామలని ప్రసిద్ధి. అబుల్ హసన్ తానీషా 1672లో సింహాసనమెక్కెను. తరువాత కొలదికాలమునకే మాదన్న ప్రధానమంత్రి అయ్యెను. ఇట్టి బంధుబలముతో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలుదారు పదవి లభించినదని చెప్పుదురు.

పాల్వంచ పరగణా గోదావరీ ప్రాంతపు అడవిసీమ. కోయల పల్లెలు, వెదురు పొదలు, కిన్నెరసాని వంటి సెలయేళ్లు దాని సంపద. ఈ కిన్నెరసానియే పిమ్మట విశ్వనాథ సత్యనారాయణగారి కిన్నెరసాని పాటలకు నాయిక అయినది. తహసీలుదారు పల్లెపల్లెకు తిరిగి శిస్తు రాబట్టి, ఆ ద్రవ్యమును గోలకొండ ఖజానాకు పంపవలెను. గోపన్న ఆ విధముగా తిరుగుచు భద్రగిరికి వచ్చెను. పోకల దమ్మక్క యను భక్తురాలు అచ్చటి విగ్రహములను కనుగొని, తాటాకు పందిరి వేసి, తనకు దొరకిన పండ్లతో పూజించుచుండెనని స్థలపురాణము చెప్పును. నాలుగు చేతులతో శంఖచక్రములను, ధనుర్బాణములను ధరించి, సీతాదేవిని అంకముపై నిడుకొన్న రాముని మూర్తి అది. ఇటువంటి రామమూర్తి అరుదు.

ఆ దేవునికి గుడి కట్టవలెనను సంకల్పము గోపన్నకు కలిగెను. విరాళములు చాలలేదు. వసూలైన శిస్తు ద్రవ్యము చేతిలో ఉన్నది. దానినే వెచ్చించి ఆయన ఆలయమును, ప్రాకారములను కట్టించెను. సీతారామలక్ష్మణులకు విలువైన నగలు చేయించెను. వెచ్చమైనది ఆరు లక్షల వరహాలని జనశ్రుతి. ప్రభువు అనుమతి ముందే పొందెనా, పిమ్మట పొందవచ్చునని తలచెనా యను విషయమున కథలు భిన్నములుగా ఉన్నవి. ఖజానాకు చేరవలసిన ధనము చేరలేదనుటలో మాత్రము భేదము లేదు.

ఇచ్చట ఉపాధ్యాయులును విద్యార్థులును ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఆ ధనము గోపన్న సొంతము కాదు; రైతు చెమటోడ్చి కట్టిన పన్ను. ధర్మకార్యమునకైనను పరుల సొమ్మును వ్యయపరచు అధికారము ఉద్యోగికి లేదు. ఈ మాట ఒప్పుకొనినంత మాత్రమున భక్తుని గౌరవమునకు లోపము రాదు. ఆయన ఆ ధనముతో తన ఇల్లు నింపుకొనలేదు. దండన వచ్చినప్పుడు పారిపోనూ లేదు. మేనమామలు మంత్రులై యుండియు ఆయనను చెర తప్పింపలేకపోయిరి.

పండ్రెండేండ్లు గోలకొండ కారాగారమున ఉండెనని సంప్రదాయము. లెక్క వేసి చూచినచో ఇది చిక్కైన సంగతియే. ఆ పండ్రెండేండ్లును తానీషా కాలమువే యైనచో విడుదల 1684కు ముందు జరుగుటకు వీలు లేదు. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురియైరి. 1687లో కోట ఔరంగజేబు వశమయ్యెను. తానీషా బందీయై దౌలతాబాదులో కాలము వెళ్లబుచ్చి 1699లో మరణించెను. గోపన్నను బంధించిన ప్రభువే కడకు బందీ యగుట చరిత్రలోని విచిత్రము.

ఆ చీకటి గదిలోనే గోపన్న రామదాసయ్యెను. ఆయన కీర్తనలలో పాండిత్య ప్రదర్శన లేదు. ఇంటిలో పెద్దవారితో మాటలాడునట్లు రామునితో మాటలాడును. వేడుకొనును, అలుగును, ఎత్తిపొడుచును. నీకు పెట్టిన నగలకు ఇంత సొమ్మైనదని పద్దు చదివి అడుగును. దెబ్బల బాధకు నోరుజారి నిందించి, వెంటనే క్షమింపుమని ప్రార్థించును. రాముడు పలుకనిచో సీతమ్మను సిఫారసు చేయుమని కోరును. లెక్కలు వ్రాసిన ఉద్యోగి భాషయే భక్తి భాష యగుట ఈ పాటలలోని సొగసు. దాశరథీ శతకము ఆయన పద్యరచనా శక్తికి నిదర్శనము.

రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను సేవకుల రూపమున వచ్చి, రాత్రివేళ తానీషాకు బాకీ చెల్లించి రసీదు పొందిరని ప్రజలు నమ్ముదురు. ఇది చరిత్రకారుడు రుజువు చేయగల విషయము కాదు. అయినను ముసల్మాను ప్రభువుకు రామదర్శన భాగ్యమును ప్రసాదించిన ఆ కథలో మన పల్లె ప్రజల హృదయ వైశాల్యము కానవచ్చును. శ్రీరామనవమినాటి కల్యాణమునకు ప్రభుత్వము పట్టువస్త్రములను, ముత్యాల తలంబ్రాలను పంపు ఆచారము తానీషా నాటినుండి వచ్చినదనియే చెప్పుదురు.

రామదాసు పాట భద్రగిరితో ఆగలేదు. భజన గోష్ఠుల నోట, హరిదాసుల చిడతల నడుమ అది దక్షిణమునకు సాగి కావేరీ తీరము చేరెను. త్యాగరాజస్వామి తన కృతులలో రామదాసు చెర వీడిన ఉదంతమును తలచుకొనెను. 1964లో చిత్తూరు నాగయ్యగారి రామదాసు చిత్రము వెలువడెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఆ కీర్తనలను పాడి ఇంటింటికి చేర్చిరి. ఆనందభైరవి వంటి రాగములలో నేడు మనము వినునది తరతరముల గాయకులు సానపట్టిన పాట.

సెలవులలో విద్యార్థులను విహారయాత్రకు తీసికొని వెళ్లదలచిన ఉపాధ్యాయులకు ఈ జీవితమే దారి చూపును. మొదట నేలకొండపల్లి, అటనుండి పాల్వంచ చెంత కిన్నెరసాని జలాశయము, దాని చుట్టునున్న అభయారణ్యము, పిదప గోదావరి వంతెన దాటి భద్రాచలము. గుడి దర్శించి, మెట్లు దిగి, నదిలో స్నానము చేసి, ఎగువనున్న పర్ణశాలకు పోవచ్చును. అయితే వర్షకాలమున గోదావరిని తేలికగా చూడరాదు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీటిమట్టము 75 అడుగులు దాటినది. నీరు తగ్గిన దినములలో పాపికొండల నడుమ పడవ ప్రయాణము కనులపండుగ. యాత్రకు ముగింపుగా గోలకొండ కోటలో రామదాసు చెరసాలను చూడవలెను. దాని గోడపైనున్న రామ, సీత, లక్ష్మణ, ఆంజనేయుల రూపములు ఆయన చెక్కినవేయని చెప్పుదురు.

అచ్చటి ఇరుకును, ఇచ్చటి నదీ వైశాల్యమును రెండింటిని చూచిన బాలునికి ఆ కీర్తనల అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. గోలకొండ రాజ్యము పోయినది, ఖజానా పోయినది, పద్దు పుస్తకములు చెదలపాలైనవి. బాకీపడిన తహసీలుదారు పాట మాత్రము నిలిచినది.