బాక్సింగ్‌లో మొదటి పీట ఎవరికి?



ప్రపంచంలో ఇప్పటిదాకా వచ్చిన బాక్సర్లందరిలో గొప్పవాడెవరు? మన హాస్టల్లో ఈ ప్రశ్న అడిగితే ఎక్కువమంది మహమ్మద్ అలీ అంటారు. కొందరు మైక్ టైసన్ అంటారు. వాళ్ళు గొప్పవాళ్ళే, నేను కాదనడం లేదు. కానీ నేను మొదటి పీట ఇంకొకాయనకు వేస్తాను. ఆయన పేరు షుగర్ రే రాబిన్సన్. అమెరికాలోని నల్లజాతివాడు. 1989లోనే చనిపోయాడు. హెవీవెయిట్లలో తానే గొప్పవాడినని చెప్పుకున్న అలీ కూడా, మొత్తం బాక్సింగ్‌కు రాజు మాత్రం రాబిన్సనే అని ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో ఆయన జీవితం చదివితే తెలుస్తుంది.

ముందుగా ఒక సంగతి. బాక్సింగ్‌లో ఎవరు పడితే వాళ్ళు ఎవరితో పడితే వాళ్ళతో తలపడరు. పోటీకి ముందు ఇద్దరినీ తూకం వేస్తారు. వెల్టర్‌వెయిట్ అంటే 147 పౌండ్లు, మన లెక్కలో 66 కిలోల 700 గ్రాముల దాకా. మిడిల్‌వెయిట్ 160 పౌండ్లు, అంటే 72 కిలోల 600 గ్రాములు. లైట్ హెవీవెయిట్ 175 పౌండ్లు, సుమారు 79 కిలోలు. రాబిన్సన్ రోజుల్లో ఆ పైవాళ్ళంతా హెవీవెయిట్లే. మరి చిన్నవాణ్ణీ పెద్దవాణ్ణీ ఎలా పోల్చాలి?

కావడి మోసేవాళ్ళను చూడండి. 60 కిలోల మనిషి 60 కిలోలు మోశాడు. 90 కిలోల మనిషి 70 కిలోలు మోశాడు. ఎవరు గట్టివాడు? బరువు చూస్తే రెండోవాడు. మనిషిని బట్టి చూస్తే మొదటివాడు. బాక్సింగ్‌లో ఇలా పోల్చడాన్ని పౌండ్ ఫర్ పౌండ్ అంటారు. అందరి బరువూ ఒకటే అనుకుంటే ఎవరు గెలుస్తారు అన్నమాట. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమె 80 కిలోలవాళ్ళను కొట్టలేదు కదా అని ఎవరైనా తక్కువ చేస్తే మనం ఊరుకుంటామా? పౌండ్ ఫర్ పౌండ్ అనే మాట రాబిన్సన్ కంటే ముందే ఉంది. కానీ ఆయన ఆట చూశాకే అది లోకమంతా పాకింది.

రాబిన్సన్ 1921 మే 3న పుట్టాడు. అసలు పేరు వాకర్ స్మిత్. తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి పిల్లల్ని తీసుకొని డెట్రాయిట్ నుంచి న్యూయార్క్‌లో నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే హార్లెం పేటకు వచ్చింది. చేతిలో డబ్బు లేదు. ఆ పిల్లవాడు వీధుల్లో డాన్సు చేసి, దారిన పోయేవాళ్ళు వేసే చిల్లర పోగుచేసి తల్లికి ఇచ్చేవాడు. ఆ కాళ్ళ చురుకే తర్వాత రింగులో పనికొచ్చింది.

ఆయన పేరు మారిన కథ తమాషాగా ఉంటుంది. పోటీలో దిగాలంటే సంఘం కార్డు కావాలి. ఈయనకు ఇంకా వయసు చాలలేదు. రే రాబిన్సన్ అనే ఇంకో అబ్బాయి కార్డు పట్టుకొని దిగాడు. గెలిచాడు. ఇక ఆ పేరే ఉండిపోయింది. ఆయన ఆట పంచదారలా తియ్యగా ఉందని ఎవరో అనేసరికి ముందు షుగర్ చేరింది. 1939లోనూ 1940లోనూ గోల్డెన్ గ్లవ్స్ పోటీలు గెలిచి, 1940 అక్టోబరులో డబ్బు పోటీల్లోకి దిగాడు. అప్పటికి 19 ఏళ్ళు.

మొదటి 40 పోటీలూ వరుసగా గెలిచాడు. 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో జేక్ లమోటా చేతిలో మొదటిసారి ఓడిపోయాడు. లమోటా ఆయనకంటే బాగా బరువైనవాడు. మూడు వారాలకే అదే ఊళ్ళో, అదే లమోటాను ఓడించాడు. వాళ్ళిద్దరూ మొత్తం ఆరుసార్లు తలపడితే ఐదుసార్లు రాబిన్సనే గెలిచాడు. ఆ మొదటి ఓటమి తర్వాత ఎనిమిదేళ్ళకు పైగా, 91 పోటీల్లో ఆయన్ను ఓడించినవాడు లేడు.

ఇంత ఆడినా ఛాంపియన్ పోటీకి మాత్రం తొందరగా పిలవలేదు. ఆ రోజుల్లో పెద్ద పోటీల మీద రౌడీ ముఠాల పెత్తనం ఉండేది. వాళ్ళ మాట విన్నవాడికే అవకాశం. రాబిన్సన్ వాళ్ళకు లొంగలేదు. అందుకని 70కి పైగా పోటీలు గెలిచాక, 1946 డిసెంబరు 20న గానీ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ కాలేకపోయాడు. నా ఉద్దేశంలో ఇది చాలా ముఖ్యమైన విషయం. ఎన్ని బిరుదులు వచ్చాయో లెక్కపెట్టి మనిషిని కొలుస్తాం. అసలు పోటీకి పిలిచారా లేదా అని మాత్రం అడగం.

1947 జూన్ 24న జరిగింది మాత్రం చాలా బాధాకరం. క్లీవ్‌లాండ్‌లో జిమ్మీ డోయిల్ అనే కుర్రవాడితో పోటీ. అంతకు ముందే రాబిన్సన్‌కు కల వచ్చింది. తన దెబ్బకు డోయిల్ చచ్చిపోయినట్టు. పోటీ వద్దని చెప్పాడు. పెద్దవాళ్ళు నచ్చజెప్పి దింపారు. ఎనిమిదో రౌండులో ఎడమచేతి దెబ్బకు డోయిల్ పడిపోయాడు, మర్నాడు చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన సంపాదనలోంచి రాబిన్సన్ డోయిల్ తల్లికి డబ్బు ఇచ్చాడు. గొప్పవాడెవరని వాదించుకునేటప్పుడు ఈ ఆటలో ప్రాణాలు కూడా పోతాయని మనం మరిచిపోకూడదు.

1950లో ఒక ఛాంపియన్ పోటీకి వచ్చిన డబ్బులో ఒక్క డాలరు ఉంచుకొని మిగతాదంతా క్యాన్సర్ నిధికి ఇచ్చేశాడు. 1951 ఫిబ్రవరి 14న షికాగోలో లమోటాను పదమూడో రౌండులో ఓడించి మిడిల్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడాది జూలైలో లండన్‌లో రాండీ టర్పిన్ చేతిలో ఓడాడు. రెండు నెలలకే న్యూయార్క్‌లో టర్పిన్‌ను ఓడించి బిరుదు తిరిగి తెచ్చుకున్నాడు.

1952 జూన్ 25న ఇంకా పెద్ద సాహసం చేశాడు. లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ జోయ్ మాక్సిమ్ మీదికి వెళ్ళాడు. మాక్సిమ్ ఆయనకంటే దాదాపు 7 కిలోలు ఎక్కువ. ఆ రాత్రి న్యూయార్క్‌లో మన ఎండాకాలం లాంటి వేడి. రింగులో దీపాల కింద 40 డిగ్రీలు. రిఫరీయే వేడికి తట్టుకోలేకపోతే పది రౌండ్ల తర్వాత ఇంకొక రిఫరీని దించారు. పాయింట్లలో రాబిన్సనే ముందున్నాడు. కానీ పదమూడో రౌండు అయ్యాక స్టూలు మీంచి లేవలేకపోయాడు. ఓడినట్టు ప్రకటించారు. ఓడించింది మాక్సిమా, వేడా? మీరే చెప్పండి.

ఆ ఏడాది చివర బాక్సింగ్ మానేసి డాన్సు ప్రదర్శనలకు పోయాడు. అవి సరిగా నడవలేదు. డబ్బు కోసం 1955లో మళ్ళీ వచ్చాడు. 34 ఏళ్ళ వయసులో మళ్ళీ మిడిల్‌వెయిట్ ఛాంపియన్! 1957లో జీన్ ఫుల్మర్ చేతిలో జనవరిలో ఓడి, మే నెలలో ఒకే ఒక్క ఎడమచేతి దెబ్బతో అతన్ని పడగొట్టాడు. అదే ఏడాది సెప్టెంబరులో కార్మెన్ బసీలియో చేతిలో ఓడి, 1958 మార్చిలో అతన్నీ ఓడించాడు. అలా ఒకే బరువులో ఐదుసార్లు ఛాంపియన్ అయ్యాడు.

ఇక వాదనకు వద్దాం. కొందరు మిత్రులు అడుగుతారు. రాకీ మార్సియానో 49 పోటీలు ఆడి ఒక్కటీ ఓడలేదు, రాబిన్సన్ 19 ఓడాడు కదా, మరి మార్సియానో గొప్ప కాదా అని. లెక్క జాగ్రత్తగా చూడండి. మార్సియానో 32 ఏళ్ళకే 1956లో ఆపేశాడు. రాబిన్సన్ 1952లో మొదటిసారి ఆపేసేనాటికి 130కి పైగా గెలిచి, మూడే ఓడాడు. లమోటా, టర్పిన్, మాక్సిమ్ అంతే. మిగతా 16 ఓటములూ తిరిగి వచ్చాక, వయసు మీరాక వచ్చినవి. 44 ఏళ్ళ దాకా, 1965 వరకు ఆడాడు. మొత్తం సుమారు 200 పోటీల్లో 174 గెలుపులు. ఓటమి గడిలో సున్నా ఉన్నంత మాత్రాన చాలదు. ఎవరితో ఆడాడు, ఎప్పుడు ఓడాడు, ఓడాక ఏం చేశాడు అని చూడాలి. లమోటా, టర్పిన్, ఫుల్మర్, బసీలియో నలుగురూ ఈయన్ను ఓడించారు. నలుగురినీ ఈయన తిరిగి ఓడించాడు.

ఇంకొక వాదన ఉంది, అది కాస్త గట్టిది. 1938లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకేసారి మూడు బరువుల్లో ఛాంపియన్‌గా ఉన్నాడు. రాబిన్సన్ అలా లేడు. అందుకే ఆర్మ్‌స్ట్రాంగ్‌కు రెండో స్థానం ఇస్తాను. మూడు అలీకి. నాలుగు జో లూయిస్‌కు, ఆయన 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్‌గా ఉండి 25 సార్లు బిరుదు నిలబెట్టుకున్నాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. రాబిన్సన్ వెల్టర్‌వెయిట్‌గా మంచి ఊపు మీద ఆడిన రోజుల ఫిల్ములు చాలా తక్కువ. మనం చూసేవి ఎక్కువగా ఆయన తర్వాతి పోటీలే. కళ్ళతో చూసినవాళ్ళ మాటను, రికార్డును పక్కపక్కన పెట్టుకోవాలి. అలా పెట్టి చూసే 2002లో రింగ్ పత్రిక గడిచిన 80 ఏళ్ళ బాక్సర్లలో ఆయనకు మొదటి స్థానం ఇచ్చింది.

గొప్పవాడైతే చివరిదాకా సుఖపడ్డాడా అంటే, లేదు. లక్షల డాలర్లు సంపాదించాడు. గులాబీరంగు కాడిలాక్ కారు, హార్లెంలో సొంత దుకాణాలు, వెంట పెద్ద పరివారం. రింగు వదిలేనాటికి ఏమీ మిగల్లేదు. ముసలితనంలో మతిమరుపు జబ్బు, దాంతోపాటు చక్కెర జబ్బు. 1989 ఏప్రిల్ 12న 67 ఏళ్ళకు చనిపోయాడు. తలకు పదేపదే తగిలే దెబ్బలు మెదడుకు హాని చేస్తాయని డాక్టర్లు చెప్తున్నారు. కాబట్టి సరదాకు కూడా ఎవరూ ఒకరి తల మీద ఒకరు కొట్టుకోవద్దు.

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది రింగు బయట జరిగింది. 1969లో లాస్ ఏంజెలెస్‌లో పేదపిల్లల కోసం ఒక సంస్థ పెట్టాడు. అందులో రకరకాల ఆటలు నేర్పారు గానీ బాక్సింగ్ పెట్టలేదు! అక్కడ చిన్నప్పుడు పరుగెత్తిన పిల్లల్లో ఒకమ్మాయి ఫ్లోరెన్స్ గ్రిఫిత్. ఆమే 1988లో 100 మీటర్లు 10.49 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది.

నా లెక్క ఇది. ఒప్పుకోనివాళ్ళు తమ నాలుగు పేర్లు కాగితం మీద రాసి ఈ పత్రిక కింద అంటించండి. కానీ ఒక షరతు. ఒక్కో పేరు పక్కన కారణం కూడా రాయాలి. కారణం లేని పేరును నేను లెక్కలోకి తీసుకోను.