జాయప సేనాని

కృష్ణానది పులిగడ్డ యొద్ద రెండు పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఆ పాయల నడుమనున్న లంకభూమికి దివిసీమ యని పేరు. చుట్టును నీరు, నడుమ పచ్చని పొలములు గల యీ సీమను 12వ శతాబ్దము చివర అయ్యవంశపు దొరలు పాలించుచుండిరి. ఆ వంశమున పిన్నచోడు డను ప్రభువు సంతానములో నారాంబ, పేరాంబ యను కుమార్తెలును, జాయపు డను కుమారుడును చరిత్ర కెక్కిరి. జాయపునే జాయన యనియు, జాయప నాయుడనియు పిలుతురు.

1199లో ఓరుగంటి సింహాసనమెక్కిన కాకతి గణపతిదేవుడు తీరాంధ్రమును తన యేలుబడిలోనికి తెచ్చుకొన దలచి, 13వ శతాబ్దపు తొలి సంవత్సరములలో కృష్ణాతీరముపై దండెత్తెను. దివిసీమ ఓడిపోయెను. ఓడిన దొరల గతి యేమగునో ఆనాటివారెల్లరకు తెలియును. కోట కొల్లపోవును, వంశము చెట్టునకొక పిట్టగా చెదరిపోవును. గణపతిదేవు డట్లు చేయలేదు. పిన్నచోడుని కుమార్తెల నిద్దరిని వివాహమాడి, పిన్నవాడగు జాయపుని తన కొలువులో చేర్చుకొనెను. ఇది ఔదార్యమా, రాజనీతియా యని యడిగినచో రెండును కలిసియే యుండవచ్చును. సముద్రతీరమున బలమైన చుట్టరికము కాకతీయుల కవసరమే. కాని ఆ బాలుని కది తండ్రి నోడించినవాని యిల్లు. అక్కడ ఆతడు తన చోటు తానే సంపాదించుకొనవలసి యుండెను.

నేడు బెజవాడలో రైలెక్కిన వారు ఖమ్మము, మహబూబాబాదు దాటి, ధాన్యపు బజారుకు పేరుపడిన కేసముద్రము మీదుగా కొన్ని గంటలలో వరంగల్లు చేరుదురు. నల్లరేగడి నేలలు వెనుకబడి ఎఱ్ఱనేలలు, చెరువులు, గుండ్లు పేర్చినట్లుండు గుట్టలు కనుపించును. ఆ కాలమున నిది దినముల తరబడి సాగు ప్రయాణము. నీటి నడుమ పుట్టిన జాయపుడు రాతిగుట్టల సీమలో పెరిగి పెద్దవాడయ్యెను. ఓరుగంటికి ఏకశిలానగర మను పేరు రాతిగుట్టను బట్టియే వచ్చినది. పాత రాజధానియగు హనుమకొండకు పేరులోనే కొండ యున్నది. అచ్చట 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడిలో నునుపుతేలిన కంబముల నడుమ రంగమండప మొకటి గలదు. శిల్పులు, గాయకులు, మద్దెలవారు, నర్తకులు ఈ గుట్టల నడుమ గుడులను కనిపెట్టుకొని బ్రతికెడివారు. జాయపునకు గుండామాత్యుడు గురువయ్యెను. ఆయన యొద్ద జాయపుడు నాట్యశాస్త్రము నభ్యసించెను.

రాజు జాయపుని గజసైన్యమున కధిపతిని చేసెను. ఆ పదవికి గజసాహిణి యని పేరు. కోటతలుపులను పగులగొట్టుటకును, శత్రువుల బారులను చెదరగొట్టుటకును ఏనుగులే దిక్కైన కాలమది. మావటీలను, మేతను, శిక్షణను, మదించిన మృగములను అన్నిటిని ఆతడే చూచుకొనవలెను. వైరిగోధూమఘరట్టు డను బిరుదు ఆయనకు గలదు. శత్రువులను గోధుమలను పిండిచేయు తిరుగలి వంటివాడని దీని యర్థము. బిరుదు వినినవారు ఈతడు నాట్యగ్రంథము వ్రాయునని తలపరు! అయినను భరతముని చెప్పిన నూటయెనిమిది కరణములలో ఏనుగు ఆటను బట్టి పేరుపొందిన గజక్రీడితము కూడ నొకటి. ఏనుగుల నడకను నిత్యమును చూచువాని కన్ను నాట్యమునకు పనికిరాని దనరాదు.

గణపతిదేవుడు జాయపునకు తామ్రపురిని పాలింప నిచ్చెను. అది నేటి గుంటూరు జిల్లాలోని చేబ్రోలు. 1213 నాటికే జాయపు డచ్చట తన తండ్రి పేర చోడేశ్వరాలయమును కట్టించినట్లు శాసనము గలదు. ఆలయమున సేవచేయు నర్తకీమణులకు ఇండ్లును ఏర్పరచెను. కొంతకాలమునకు స్వస్థలమగు దివిసీమలో తన ప్రభువు పేర గణపేశ్వరాలయమును నిలిపెను. అచ్చటి శాసనము 1231 నాటిది. ఓడిపోయిన తండ్రి పేర నొక గుడి, ఓడించిన రాజు పేర నొక గుడి కట్టినవాని మనస్సు నాతని శాసనములకంటె ఈ రెండు కట్టడములే మనకు బాగుగ తెలుపును.

దివిసీమ నుండి వచ్చిన నాటికి అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 1253–54లో జాయపుడు సంస్కృతమున నృత్తరత్నావళి యను గ్రంథమును రచించెను. ఇందు ఎనిమిది అధ్యాయములు గలవు. మొదటి నాలుగింట మార్గమును, అనగా భరతుడు చెప్పిన శాస్త్రీయ పద్ధతిని వివరించెను. ఇది పూర్వులు నడచిన త్రోవయే. కడపటి నాలుగధ్యాయములను ఆయన దేశి నృత్యములకు కేటాయించెను. దేశి యనగా ఆయా సీమల ప్రజలు తమ తమ రీతిని ఆడుకొను నృత్యము. చాళుక్యరాజు సోమేశ్వరుడు తన మానసోల్లాసమున దేశిని గూర్చి యింతకు ముందే వ్రాసి యుండెను. జాయపు డాతని ననుసరించియు, ఆతని కంటె విస్తారముగ వ్రాసెను. గ్రంథములో సగపాలు దేశికిచ్చుట చిన్న విషయము కాదు.

ఆ పుటలలో పేరణి యున్నది. ఒడలికి తెల్లనిపూత పూసికొని, కాళ్లకు గజ్జెలు కట్టి, ఒక్కొక్క గజ్జెను పలికించుచు పురుషులాడు నృత్త మది. ప్రేంఖణము, రాసకము, చర్చరి, శివప్రియము, చిందు, బహురూపము గలవు. చెండ్లతో ఆడు కందుకనృత్యమును, కఱ్ఱలతో ఆడు కోలాటమును గలవు. పల్లెవాకిళ్లలోను, జాతరలలోను కనుపించు ఆటలకు రాజసభలోని సేనాని లక్షణములు కూర్చెను. అడుగెట్లు వేయవలెను, చేయి యెట్లు తిరుగవలెను, వాద్యమేది తగును అను విషయములను ఓపికతో వ్రాసిపెట్టెను. కడపటి అధ్యాయమున ప్రదర్శన సంగతులు చెప్పెను. సభను ఏ సమయమున జరుపవలెనో, ముఖ్యాతిథి నెట్లాహ్వానింపవలెనో, ఎవరి నెక్కడ కూర్చుండబెట్టవలెనో కూడ అందు గలదు. సేనను బారులు తీర్చినవానికి సభను తీర్చుట కష్టమా!

ములుగు జిల్లాలోని పాలంపేటలో రామప్ప గుడి గలదు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగ గుర్తించెను. ఆ గుడి శిల్పములు నృత్తరత్నావళిని చూచి చెక్కినవని కొందరు చెప్పుదురు. ఆ మాట పొసగదు. గణపతిదేవుని మరియొక సేనానియగు రేచర్ల రుద్రుడు ఆ గుడిని ప్రతిష్ఠించినది 1213లో. అప్పటికి గ్రంథరచనకు ఇంకను నలువది యేండ్లు గలవు. ఒకే కాలపు నర్తకుల అడుగులను శిల్పి నల్లరాతిలోను, జాయపుడు శ్లోకములోను పట్టుకొని రనుకొనుట మేలు. గుడి కంబములపై మద్దెల వాయించువారిని, చుట్టు చూరుల క్రింద నిలిచిన మదనికలను చూచినవారికి ఈ సంగతి బోధపడును.

1323లో ఢిల్లీ సేనలు ఓరుగంటిని పట్టుకొనెను. కాకతీయ రాజ్యము కూలెను. గుడులకు మాన్యములు పోయినచో మద్దెలవానికి కూడు లేదు. మద్దెల మూగవోయినచో నర్తకికి అడుగు లేదు. తరములు గడచినకొలది ఓరుగంటి నృత్యములు అనేకము మరుగున పడెను. జాయపుడు రచించినట్లు చెప్పబడు గీతరత్నావళి, వాద్యరత్నావళి యను గ్రంథములు కూడ నేటికి దొరకలేదు. నృత్తరత్నావళి మాత్రము దక్కినది. ఎక్కడో దూరమున, తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయమున దాని వ్రాతప్రతి భద్రముగ నుండెను. పండితుడగు వి. రాఘవన్ పరిష్కరింపగా 1965లో మదరాసున నది అచ్చయ్యెను. 1969లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెనుగు సేతను ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించెను. ఏడువందల యేండ్లకు పిమ్మట ఆ గ్రంథము తెలుగువారి చేతికి తెలుగున వచ్చెను.

నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథమును, రామప్ప గుడి శిల్పములను ఎదురెదురుగ నుంచుకొని, మరుగుపడిన పేరణిని మరల కూర్చుటకు పూనుకొనెను. శ్లోకము అడుగును చెప్పును గాని వేగమును చెప్పదు. శిల్పము నిలుకడను చూపును గాని కదలికను చూపదు. నడుమనున్న ఖాళీని ఆయన ఊహతోను, సాధనతోను నింపవలసి వచ్చెను. 1985లో శివరాత్రినాడు రామప్ప గుడియెదుట పేరణి శివతాండవము ప్రదర్శింపబడెను. కోలాటము నేటికిని పల్లెలలో బ్రతికియున్నది. ఘటిసణి, భండిక మొదలగు వాని నాడెడివారు లేరు. వాని లక్షణములు మాత్రము జాయపుడు వ్రాసినట్లు ఆ గ్రంథమున నున్నవి.