నరహరి గోపాలకృష్ణమ శెట్టి

కర్నూలు మండలంలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1872లో ‘శ్రీ రంగరాజ చరిత్రము’ రచించారు. ప్రజల ఆచార వ్యవహారాలను తెలిపే రచనలను కోరుతూ మేయో ప్రభువు కాలంలో వెలువడిన ప్రకటనే దీనికి ప్రేరణ. నవల అనే పేరు తెలుగులో ఇంకా స్థిరపడలేదు. ఆయన దానిని నవీన ప్రబంధమన్నారు.

ఆదోనికి పడమట, తుంగభద్రా తీరాన ఉన్న ఆనెగొంది రాకుమారుడు రంగరాజు లంబాడీల నడుమ పెరిగిన సోనాబాయిని ప్రేమిస్తాడు. ఆనాటికి అటువంటి ప్రేమను చిత్రించడం సాహసమే. అయితే ఆమె పుట్టుకతో లంబాడీ కాదని తేలిన తరువాతగాని వివాహం జరగదు. రచయిత ధైర్యం అక్కడ కొంత సడలింది.

1886లో ఆయన కర్నూలు మండల వివరాలను ఆంగ్లంలో గ్రంథస్థం చేశారు. 1880లో పుస్తకంగా వచ్చిన కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ప్రసిద్ధి ముందు శెట్టి నవల మరుగునపడింది. తొలి తెలుగు నవల ఏదన్న చర్చలోనే ఆయన పేరు మళ్ళీ వినిపించింది.