దామెర్ల రామారావుగారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, గ్రామలెక్కలు వ్రాసికొను నాకు చిత్రకళతో నేమి పని యని మొదట సంకోచించితిని. కాని అసలునకును నకలునకును గల భేదము మా వృత్తివారికి నిత్యానుభవము. రామారావుగారి జీవితమున ఆ భేదమే ముఖ్యమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించితిని.

రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యమునుండియు వారికి బొమ్మలు గీయుటయందే మక్కువ. ఆ కాలమున అచ్చటి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు స్వయముగా చిత్రకారులు. అడివి బాపిరాజుగారును వారి శిష్యులే. దొరగారు రామారావుగారి ప్రజ్ఞను గుర్తించి, అజంతా గుహలను చూపించి, 1916లో బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలకు పంపిరి.

ఇటలీ దేశమున పాదువా పట్టణములో ఒక చిన్న ప్రార్థనాలయము కలదు. జొట్టో అను చిత్రకారుడు 1305 ప్రాంతమున దాని గోడలపై వ్రాసిన క్రీస్తు చరిత్రమును చూచుటకై దేశదేశములవారు నేటికిని పోవుచుందురు. మన దేశమున అట్టి యాత్రాస్థలము అజంతా. వాఘోరా నది వంపున కొండను తొలిచిన సుమారు ముప్పది గుహలలో, బౌద్ధభిక్షువులు వసించి పూజించిన చోటనే, బుద్ధభగవానుని జన్మజన్మాంతర కథలు గోడలనిండ చిత్రింపబడినవి. ఇటలీవారు తడియారని సున్నముపై రంగులు వేసిరి. అజంతావారు మన మట్టియిండ్ల గోడలకువలెనే మట్టిలో ఊక మొదలగునవి కలిపి మెత్తి, పైని పలుచని సున్నపు పూత పూసి, అది ఆరిన పిదప చిత్రించిరి. 1920-22 నడుమ నైజాము ప్రభుత్వమువారు ఈ చిత్రముల రక్షణకై ఇటలీనుండియే నిపుణులను రప్పించిరి.

ఈ చిత్రముల నకళ్ల కథ శోచనీయమైనది. రాబర్టు గిల్ అను సైనికోద్యోగి ఏండ్ల తరబడి శ్రమించి వ్రాసిన ప్రతులలో పెక్కులు 1866లో లండను స్ఫటిక భవనమున దగ్ధమైనవి. తరువాత బొంబాయి కళాశాల అధ్యాపకుడు గ్రిఫిత్సు తన శిష్యులతో 1872 మొదలు మరల ప్రతులు వ్రాయించెను. వానిలోను అనేకము 1885లో లండనులోనే అగ్నిపాలైనవి. రామారావుగారు చదివినది ఆ కళాశాలయందే. వారు అసలునే కన్నులార చూచి వచ్చినవారు.

అయినను వారు అజంతాకు నకలు వ్రాయలేదు. అచ్చటి రేఖలోని సౌకుమార్యమును, బొంబాయిలో నేర్చిన శరీరనిర్మాణ పరిజ్ఞానమును కలుపుకొని, మన కథలను, మన స్త్రీలను, మన గోదావరిని చిత్రించిరి. 1920లో చదువు ముగించి, గుజరాతును, కలకత్తాను చూచి స్వస్థలమునకు వచ్చిరి. ఋష్యశృంగుని వశీకరించు ఘట్టమును చిత్రించిన పటమునకు 1922లో కలకత్తా ప్రదర్శనమున బహుమానము లభించినది. సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకరణము, నందిపూజ వారి ఇతర కృతులు. 1923లో రాజమహేంద్రవరముననే చిత్రకళాశాల స్థాపించి, ఆంధ్రబాలకులు చిత్రకళకై దూరదేశములకు పోనవసరము లేకుండ చేయ సంకల్పించిరి.

విధి వేరొకటి తలచెను. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి వారిని గొనిపోయినది. అప్పటికి ఇరువది యెనిమిదేండ్లైనను నిండలేదు. గురువు లేని పాఠశాల మూతపడవలసినదే. కాని మిత్రులు వరదా వెంకటరత్నముగారు దానిని భుజములపై వేసికొని నడపిరి. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును తామును కుంచె పట్టినవారే. ఇట్టివారి శ్రద్ధవలననే ఆ చిత్రములు చెదరిపోక, నేడు రాజమహేంద్రవరమున వారి పేరిటి చిత్రశాలలో నిలిచియున్నవి.

ఒక తప్పు ఒప్పుకొనవలెను. ముప్పది యేండ్లుగా కాగితముల కట్టతో ఆ పట్టణమునకు పోవుచు వచ్చుచుండియు, ఆ గుమ్మము నేను త్రొక్కినది ఇటీవలనే. పుస్తకములలో అచ్చు బొమ్మలు చూచితిని గదా యని అన్నాళ్లు ఊరకుంటిని. అచ్చులో కానరాని రంగుల మెత్తదనము అచ్చట కానవచ్చి, పోయిన యేండ్లకు చింతించితిని.

మన గ్రంథాలయమందలి పుస్తకము మనకు త్రోవ చూపును, నడువవలసినవారము మనమే. పుష్కరస్నానమునకో, పెండ్లిబట్టలకో రాజమహేంద్రవరము పోవు సోదరీసోదరులు పిల్లలను వెంటబెట్టుకొని ఒక గడియ ఆ చిత్రశాలలో గడపవలెనని నా మనవి. అసలు మన యేటియొడ్డుననే యున్నది.